మూలమేది? తెలుగు పరిశోధకుల విదేశీ భాషా ఎంపిక: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

తులనాత్మక పరిశోధన పేరుతో తెలుగు శాఖల నుంచి వెలువడే సిద్ధాంత గ్రంథాల్లో ఒక మాట తరచుగా కనిపిస్తుంది: 'మూలంతో పోల్చి చూడగా'. ఆ మూలం ఏ భాషలోనిది అన్న ప్రశ్న వేసుకుంటే చాలా సందర్భాల్లో అది ఇంగ్లీషు పుస్తకమని తేలుతుంది. రష్యన్ నవలకూ, ఫ్రెంచి కథకూ, స్పానిష్ కవితకూ ఇంగ్లీషే మూలంగా చలామణి అవుతున్నది. ఇది కేవలం పరిభాషా దోషమైతే ఉపేక్షించవచ్చు. కాని దీనివల్ల పరిశోధన నిర్ణయాలే తారుమారయ్యే సందర్భాలు ఉన్నాయి. అందువల్ల పాతికేళ్లు దాటిన తెలుగు పరిశోధకుడు ఒక విదేశీ భాష నేర్చుకోదలిస్తే దేన్ని ఎంచుకోవాలి అన్నది వ్యక్తిగత అభిరుచికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. పరిశోధన పద్ధతికి సంబంధించిన ప్రశ్న కూడా. దాన్ని ఈ వ్యాసం పూర్వపు నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలను ఆధారంగా చేసుకొని పరిశీలిస్తుంది.

గోర్కీ 'అమ్మ' నవల ఇందుకు మంచి నిదర్శనం. సాయుధ పోరాటానికీ, తరవాతి వామపక్ష రాజకీయాలకూ కేంద్రమైన ఈ ప్రాంతంలో ఈ నవలకున్న పాఠకాదరణ గురించి వేరుగా చెప్పనక్కరలేదు. క్రొవ్విడి లింగరాజు 1930ల్లో దీన్ని తెలుగు చేశారు. ఆ అనువాదం ప్రభుత్వ నిషేధానికి గురైంది. ఆయన అనువదించింది ఇంగ్లీషు నుంచి. ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటుంది. గోర్కీ ఈ నవలను 1906లో అమెరికాలో ఉండగా రాశాడు. అది మొదట అచ్చయింది రష్యన్‌లో కాదు, న్యూయార్క్‌లోని ఆపిల్టన్ పత్రికలో ఇంగ్లీషు ధారావాహికగా. ఆ తరవాత గోర్కీ దాన్ని పలుమార్లు సంస్కరించాడు. ఇవాళ ప్రామాణికంగా చదువుకుంటున్న రష్యన్ పాఠం 1920ల తొలి సంవత్సరాల్లో స్థిరపడింది. మాస్కో ప్రచురణ సంస్థలు లోకమంతటా పంచిన మార్గరెట్ వెట్లిన్ ఇంగ్లీషు అనువాదం లింగరాజు అనువాదం కంటే తరవాతిది; అది సంస్కృత పాఠాన్ని, అనగా గోర్కీ తిరిగి దిద్దిన పాఠాన్ని, అనుసరిస్తుంది. తొలి తెలుగు 'అమ్మ'ను తీసుకొని వెట్లిన్ అనువాదాన్ని మూలంగా పక్కన పెట్టుకున్న పరిశోధకునికి ఎన్నో వదిలివేతలు, ఎన్నో చేర్పులు కనిపించవచ్చు. వాటన్నిటినీ 'అనువాదకుని స్వేచ్ఛ' అన్న శీర్షిక కింద చేర్చడం సులభం. వాస్తవంలో అవి గోర్కీ తొలి పాఠానికీ తుది పాఠానికీ నడుమ ఉన్న తేడాలు కావచ్చు. తెలుగు అనువాదకుడు చేయని పనికి అతన్ని మెచ్చుకోవడమో తప్పుపట్టడమో జరుగుతుంది. రష్యన్ చదవగలిగిన పరిశోధకుడు ఒక్క వారం శ్రమతో తేల్చగలిగిన విషయమిది. ఆ భాష రానివాడికి ఇటువంటి ప్రశ్న ఒకటి ఉన్నదన్న సంగతే తట్టకపోవచ్చు.

భాష రాకపోవడం వల్ల కలిగే అసలు నష్టం ఇదే. సమాధానం దొరకకపోవడం కంటే ప్రశ్న పుట్టకపోవడం పెద్ద లోపం.

సులువు పట్టికలు, సంత లెక్కలు

వయోజనులు విదేశీ భాషను ఎంచుకునేటప్పుడు సాధారణంగా రెండు కొలమానాలు వాడతారు. ఒకటి సులువు, రెండవది ఉపాధి. రెండూ తెలుగు పరిశోధకుని విషయంలో తప్పుదారి పట్టించేవే.

సులువును కొలిచే పట్టికల్లో ఎక్కువ ప్రచారంలో ఉన్నది అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ రూపొందించినది. దాని ప్రకారం ఫ్రెంచికి సుమారు 30 వారాలు, జర్మన్‌కు 36 వారాలు, రష్యన్, పారశీకం, ఉర్దూలకు 44 వారాలు, చైనీస్, జపనీస్, అరబ్బీలకు 88 వారాల పూర్తికాలిక శిక్షణ అవసరం. ఈ పట్టిక కొలిచేది ఆయా భాషల కాఠిన్యాన్ని కాదు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న అమెరికన్ దౌత్యవేత్తకు అవి ఎంత దూరమో చెబుతుంది, అంతే. అదే పట్టికలో తెలుగు కూడా 44 వారాల తరగతిలోనే ఉంది! తెలుగును కఠినమైన భాషగా లెక్కగట్టిన కొలబద్దతో తెలుగువాడు తన దూరాలను కొలుచుకోవడం విచిత్రం. 'దస్తావేజు', 'తహసీలు', 'జమాబందీ', 'హాజరు', 'రుజువు', 'మునసబు', 'దరఖాస్తు' వంటి మాటలు ఇంటి మాటలైన కోదాడ మనిషికి ఉర్దూ 44 వారాల దూరంలో ఉండదు. వాక్యాంతంలో క్రియ, నామం తరవాత విభక్తి, వాక్యం చివర ఒక్క అక్షరంతో ప్రశ్నార్థకం ఉండే జపనీస్ వాక్యనిర్మాణం తెలుగువాడికి ఇంగ్లీషు కంటే సన్నిహితం. దాని భారమంతా లిపిలో ఉంది. అక్కడి పాఠశాల విద్యలో చేరిన చైనీయ లిపి సంకేతాలే 2,136.

తెలుగు శాఖలోని పరిశోధకునికి మరొక అదనపు బలం ఉంది. బాలవ్యాకరణం చదివి, కొంతైనా సంస్కృత శబ్దాలు వల్లించినవాడికి విభక్తి, లింగం, వచనం, సమాసం అన్నవి కొత్త భావనలు కావు. జర్మన్ నామవాచకానికి నాలుగు విభక్తులు, మూడు లింగాలు అని తెలిసి ఇంగ్లీషు విద్యార్థి బెంబేలెత్తవచ్చు. ఎనిమిది విభక్తులు, మూడు వచనాలు దాటివచ్చినవాడు బెదరనక్కరలేదు. దీర్ఘసమాసాల విషయంలో జర్మన్‌కు దగ్గరగా ఉన్నది ఇంగ్లీషు కాదు, ప్రబంధ భాష. వయసు మీరిన తరవాత భాష రాదన్న నమ్మకాన్ని కూడా ఇక్కడే పరిశీలించాలి. సుమారు 6,70,000 మంది మీద జరిగి 2018లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం, వ్యాకరణాన్ని సహజంగా ఒంటబట్టించుకునే శక్తి పదిహేడేళ్ల ప్రాంతం నుంచి తగ్గుముఖం పడుతుందని సూచించింది. అయితే అది మాతృభాషీయునితో సమానమైన పరిపూర్ణతకు సంబంధించిన మాట. నిఘంటువు పక్కన పెట్టుకొని ఒక గ్రంథాన్ని చదివి అర్థం చేసుకోవడానికి ఆ పరిపూర్ణత అవసరం లేదు. పరిశోధకునికి కావలసింది చదివే భాష. మాట్లాడే భాష కాదు. ఈ భేదాన్ని విస్మరించడం వల్లనే చాలామంది సంభాషణ పాఠాల్లో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు.

రెండవది ఉపాధి లెక్క. హైదరాబాదు-విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్న సూర్యాపేట, కోదాడల్లోనూ, బియ్యం మిల్లులకు పేరుపడ్డ మిర్యాలగూడలోనూ విదేశీ భాష అన్న మాట వినగానే ముందుగా తట్టేది వీసా. తెలంగాణ ప్రభుత్వ విదేశీ ఉపాధి సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్, జపనీస్ భాషల్లో శిక్షణ ఇప్పిస్తున్నది. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందడానికి సాధారణంగా బీ2 స్థాయి, జపాన్ నైపుణ్య వీసాకు ఎన్4 స్థాయి లేదా తత్సమాన పరీక్ష కావాలి. ఈ అభ్యర్థుల ఎంపికలో ఒక స్పష్టత ఉన్నదని ఒప్పుకోవాలి. వారికి ఏ భాష కావాలో, ఎంత కావాలో, ఎందుకు కావాలో ముందే తెలుసు. ఇంటర్ తరవాత నర్సింగు చదివి జర్మన్ క్రియారూపాలు వల్లిస్తున్న అమ్మాయికున్న ఈ స్పష్టత పరిశోధన పట్టాకు నమోదైన వారిలో కనిపించదు. వారికి భాష పరీక్ష కాదు కనుక భాష ఊసే ఉండదు. ఉన్నా ఆ నర్సింగు శిక్షణ ప్రభావంతో, దొరికిన తరగతిలో చేరడమే తప్ప తన పరిశోధనాంశం ఏ భాష కోరుతున్నదని ఆలోచించడం అరుదు.

అవసరం ఎంచిన భాషలు

పెద్దవయసులో భాష నేర్చిన వారి చరిత్ర తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. 1820లో కడప చేరిన సి.పి. బ్రౌన్ ఉద్యోగ నిర్బంధం కొద్దీ తెలుగు మొదలుపెట్టి 1829 నాటికి వేమన పద్యాలను అచ్చు వేయించాడు. గిడుగు రామమూర్తి దారి ఇంకా విలువైనది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న ఆయన తన చుట్టూ ఉన్న సవరల భాషను నేర్చాడు. అది ద్రావిడ కుటుంబానిది కాదు, ఆస్ట్రో-ఆసియాటిక్ కుటుంబానిది. నిర్మాణ దృష్ట్యా జర్మన్ ఎంత పరాయిదో సవర కూడా తెలుగుకు అంత పరాయిది. దానికి లిపి లేదు, పాఠ్యపుస్తకం లేదు, పట్టా లేదు. 1931లో సవర భాషా బోధిని, 1938లో నిఘంటువు వెలువడ్డాయి. గిడుగు భాషను ఎంచుకున్నాడనడం కంటే ఆ భాష మాట్లాడే మనుషులకు విద్య అందాలన్న ప్రశ్నే ఆయన చేత ఆ భాషను ఎంపిక చేయించిందనడం సమంజసం.

ఉప్పల లక్ష్మణరావు ఉదాహరణ మరొక కోణాన్ని చూపుతుంది. 1898లో పుట్టిన ఈ వృక్షశాస్త్రవేత్త, 'అతడు-ఆమె' నవలాకారుడు, 1958లో, అంటే అరవయ్యేళ్ల వయసులో, మాస్కో చేరి అక్కడ తెలుగు అనువాదకుడుగా పనిచేశారు. రష్యన్ నుంచి నేరుగా తెలుగు చేసిన కొద్దిమందిలో ఆయన ఒకరు. రష్యన్ సాహిత్యాన్ని ఇంతగా ప్రేమించిన తెలుగు సమాజంలో రష్యన్ నేర్చినవారు వేళ్లమీద లెక్కించదగినంత మందే కావడం సాహిత్య చరిత్రకారులు ఇంకా సరిగా పట్టించుకోని విషయం. పుస్తకం చవకగా, అందంగా తెలుగులోనే చేతికి అందినప్పుడు దాని వెనుక భాష గుర్తుకు రాలేదు.

ఫణిగిరి నుంచి లైప్‌జిగ్ దాకా

పరిశోధనాంశమే భాషను నిర్ణయిస్తుందన్న మాటను ఇప్పుడు స్థలానికి అన్వయించి చూడవచ్చు. సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఫణిగిరి బౌద్ధక్షేత్రం ఇటీవలి తవ్వకాలతో అంతర్జాతీయ ఖ్యాతి పొందింది. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన తొలి బౌద్ధ శిల్పకళా ప్రదర్శనలో ఇక్కడి శిల్పాలు చోటు చేసుకున్నాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని కాలపు ఫణిగిరి శాసనాన్ని పరిష్కరించి 2011లో ప్రకటించినవారు ఆస్కర్ ఫన్ హిన్యూబర్, పీటర్ స్కిల్లింగ్. ఆంధ్రదేశపు తొలి శాసనాలన్నిటినీ ఒకచోట చేర్చి పునఃపరిష్కరించే పని ఫ్రెంచి ప్రాచ్య పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో జరుగుతున్నది. పిల్లలమర్రి శాసనాల మీద సాధికారికంగా రాయగల తెలుగు పరిశోధకులు ఫణిగిరి దగ్గరికి వచ్చేసరికి వార్తాపత్రికల కథనాల మీద ఆధారపడవలసి రావడానికి కారణం ప్రాకృతం మాత్రమే కాదు. ప్రాకృత అధ్యయనానికి సంబంధించిన పునాది గ్రంథాలు చాలావరకు జర్మన్‌లో ఉన్నాయి. పిషెల్ ప్రాకృత వ్యాకరణం 1900లో జర్మన్‌లో వెలువడితే దాని ఇంగ్లీషు అనువాదం రావడానికి 1957 దాకా పట్టింది.

అన్నీ అలా అనువాదమైతే చిక్కే లేదు. కానివాటిలో తెలుగువారికి అత్యంత ఆవశ్యకమైనది ఒకటుంది. హాలుని గాథాసప్తశతిలో తెలుగు పదాలు ఉన్నాయన్నది తెలుగు భాషా చరిత్ర గ్రంథాలన్నిటా కనిపించే అంశం. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గాథలను తెలుగు చేశారు. తిరుమల రామచంద్ర ఈ విషయాన్ని శ్రద్ధగా చర్చించారు. ఆ పదాల ఆధారంగా తెలుగు ప్రాచీనతను క్రీస్తుశకం తొలి శతాబ్దాలకు తీసుకువెళ్లడం పరిపాటి అయింది. గాథాసప్తశతి శాస్త్రీయ పరిష్కరణ అల్‌బ్రెహ్ట్ వేబర్‌ది. 1870లో తొలి భాగం మీద అధ్యయనం, 1881లో లైప్‌జిగ్ నుంచి సమగ్ర ముద్రణ వచ్చాయి. గాథల అనువాదం, పీఠిక, పాఠాంతరాల చర్చ జర్మన్‌లో ఉన్నాయి. పేరుకు సప్తశతి అయినా వేర్వేరు పాఠ సంప్రదాయాల్లో గాథలు వేర్వేరుగా ఉన్నాయి. అన్నిటికీ సమానమైనవి 430 మాత్రమే అని పండితుల లెక్క. మిగిలినవాటిలో తరవాతి శతాబ్దాల్లో చేరినవి ఉండే అవకాశం ఎక్కువ.

దీని పర్యవసానం స్పష్టం. ఒక తెలుగు పదం గాథాసప్తశతిలో ఉన్నదని చెప్పడం చాలదు. ఆ పదమున్న గాథ ఆ 430లో ఉన్నదా, లేక ఏదో ఒక్క పాఠంలోనే ఉన్నదా అన్నది చెప్పాలి. మొదటిదైతే అది ప్రాచీనతకు బలమైన సాక్ష్యం. రెండవదైతే దాని కాలం కొన్ని వందల ఏళ్లు కిందికి జారవచ్చు. పద పట్టికలు ఒక గ్రంథం నుంచి మరొక గ్రంథానికి యథాతథంగా తరలుతూ వస్తున్నాయే తప్ప ఈ వడపోత విరివిగా జరగలేదు. ప్రాచీన హోదా కోసం ఎంతో శ్రమించిన భాషకు ఇది న్యాయం కాదు. ఒక పరిశోధకుడు రెండేళ్లు జర్మన్ చదవడం నేర్చి వేబర్ ముద్రణను ఎదుట పెట్టుకుంటే తెలుగు భాషా చరిత్రలో ఒక అధ్యాయం మళ్లీ రాయవలసి రావచ్చు. ఫలితం అనుకూలంగా ఉండవచ్చు, ప్రతికూలంగా ఉండవచ్చు. ఏదైనా అది ఆధారం మీద నిలిచే మాట అవుతుంది.

మిర్యాలగూడ ప్రాంతం ఇంకొక దిశ చూపుతుంది. అక్కడి వరిసాగుకు నీరిచ్చే ఎడమ కాలువ నాగార్జునసాగర్‌ది; ఆ జలాశయం అడుగున ఉన్నది విజయపురి లోయ. మునగడానికి ముందు 1954-60 మధ్య విస్తృత తవ్వకాలు జరిగిన ఆ లోయ నాగార్జునకొండ శాసనాలను అంతకుముందే లోకానికి పరిచయం చేసినవాడు డచ్చి పండితుడు ఫోగెల్. అందులో ఒక శాసనం సింహళ భిక్షువులను ప్రస్తావిస్తూ కాశ్మీర, గాంధార, చీనా దేశాల పేర్లు చెబుతుంది. ఆచార్య నాగార్జునునికి ఈ లోయతో గల సంబంధం సంప్రదాయం చెప్పేదే. చరిత్రకారులు దాన్ని జాగ్రత్తగానే స్వీకరిస్తారు. అయితే శాతవాహన రాజుకు రాసినట్లు చెప్పే ఆయన 'సుహృల్లేఖ' తెలుగువారు తమదిగా చెప్పుకునే రచనల్లో ఒకటి. అది సమగ్రంగా నిలిచి ఉన్నది టిబెటన్ అనువాదంలోనూ, మూడు చైనీస్ అనువాదాల్లోనూ. ఆ మూడింటిలో ఒకటి ఏడవ శతాబ్దిలో భారతదేశానికి వచ్చిన యాత్రికుడు ఇత్సింగ్ చేసినది. ఇంగ్లీషు మీదుగా వచ్చిన తెలుగు 'సుహృల్లేఖ'ను విశ్లేషించి నాగార్జునుని 'శైలి'ని నిర్ణయించే సాహసం చేయడం కంటే, టిబెటన్ చదవగలిగిన ఒక్క తెలుగు విద్యార్థిని తయారుచేయడం మేలు. ఇది అందరికీ చెప్పే సలహా కాదు. టిబెటన్‌కు పెట్టే కాలం చాలా ఎక్కువ, ప్రతిఫలం ఇరుకైనది. కాని ఒక్కరైనా లేకపోవడం వేరు, అందరూ అక్కర లేదనుకోవడం వేరు.

తాతకు బడి భాష, మనుమడికి విదేశీ భాష

కోదాడ దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న స్వరూపమే మారుతుంది. కోదాడకు సమీపంలోని చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. తెలంగాణ రాజకీయ చరిత్రలో అది ఒక మలుపు. ఆంధ్ర మహాసభ మూలాల్లోనే భాషావమానం ఉంది: 1921లో హైదరాబాదులో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేసిన ఉదంతం ఆంధ్రజన సంఘానికి దారితీసింది. ఆనాటి రాజభాష ఉర్దూ. 1880ల్లో అది పారశీకం స్థానంలోకి వచ్చింది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయ బోధనా మాధ్యమం కూడా అదే. 1948 వరకు ఈ మూడు పట్టణాల్లో బడి, కచేరీ, ఠాణా, తహసీలు అన్నీ ఉర్దూలోనే నడిచాయి.

ఆ భాష మీద తెలుగువారికి కలిగిన విముఖతకు చారిత్రక కారణాలు బలమైనవి. దాన్ని తక్కువ చేసి చూడడం తగదు. అయితే విముఖత పాలకుని భాష మీద మొదలై ఆధారాల భాష మీదికి పాకింది. మూడు తరాల్లో ఉర్దూ లిపి చదవగలిగిన తెలుగు పరిశోధకులు దాదాపు కనుమరుగయ్యారు. తాత బడిలో బలవంతంగా నేర్చిన భాష మనుమడికి విదేశీ భాష అయింది. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులో, తెలంగాణ రెండవ అధికార భాషగా ఉన్న ఉర్దూను విదేశీ భాష అనడం శాస్త్రరీత్యా తప్పు. కాని ఆచరణలో తెలుగు శాఖ దాన్ని అలాగే చూస్తున్నది: నేర్చుకోవలసి వస్తే ఫ్రెంచి తట్టినంత త్వరగా ఉర్దూ తట్టదు.

పరిణామం ఏమిటంటే తెలంగాణ సాయుధ పోరాట సాహిత్యం మీద ఇంత విస్తారమైన పరిశోధన ఒక చెవితోనే జరిగింది. పోరాట యోధుల ఆత్మకథలు, తెలుగు నవలలు, పాటలు అందులో ఉన్నాయి. నిజాం ప్రభుత్వ గెజిటు, పోలీసు నివేదికలు, జాగీరు లెక్కలు, సేత్వార్లు లేవు. రాజ్యం తన మాటల్లో ఏమనుకున్నదో తెలియకుండా రాజ్యంపై తిరుగుబాటును వ్యాఖ్యానించడం కుదరదు. నకిరేకల్ ప్రాంతంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి నవల 'ప్రజల మనిషి'లోని కచేరీ పదజాలాన్ని చాలా పరిశోధనలు 'మాండలిక పదాలు' అన్న అనుబంధ పట్టికలో చేర్చి ఊరుకుంటాయి. అవి మాండలికం కావు. అధికారం నోటి మాటలు. ఏ మాట రైతు నోటిలో తద్భవమైంది, ఏ మాట గిర్దావరు నోట యథాతథంగా నిలిచింది, ఏ సందర్భంలో రైతు కూడా కచేరీ మాటనే ఎంచుకున్నాడు అన్న విచారణతో నవలలోని వర్గ సంబంధాలు మరింత స్పష్టపడతాయి. ఈ పని తెలుగు మాత్రమే తెలిసినవాడు చేయలేడు, ఉర్దూ మాత్రమే తెలిసినవాడూ చేయలేడు.

ఉర్దూ లిపి వచ్చినవాడికి పారశీకం తలుపు సగం తెరుచుకున్నట్లే. కుతుబ్‌షాహీల కాలపు తెలుగు సాహిత్యాన్ని, మల్కిభరామునికి అంకితమైన 'తపతీ సంవరణోపాఖ్యానము'ను, అమీన్‌ఖానుకు అంకితమైన 'యయాతి చరిత్ర'ను చర్చించే వ్యాసాలు చారిత్రక నేపథ్యానికి 1829లో వచ్చిన బ్రిగ్స్ ఇంగ్లీషు అనువాదాన్నో, దాన్ని అనుసరించిన గ్రంథాలనో ఆశ్రయిస్తాయి. సురవరం ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ప్రకటించినప్పుడు ఆయన వెనుక తెలుగు, సంస్కృతాలతోపాటు ఉర్దూ, పారశీకాల పరిచయం ఉంది. ఆ గ్రంథాన్ని ఏటా ఉదాహరించే శాఖలు ఆ గ్రంథాన్ని సాధ్యం చేసిన భాషా సంపదను మాత్రం వారసత్వంగా తీసుకోలేదు. ఈ ప్రాంతం మీద పనిచేసే పరిశోధకునికి మొదట చేతికి తీసుకోవలసిన భాష ఏదన్న ప్రశ్నకు, జర్మన్ మీద ఎంత మక్కువ ఉన్నా, ఉర్దూయే అని చెప్పవలసి వస్తుంది. రెండవది పారశీకం. జర్మన్, రష్యన్, టిబెటన్‌లు ఆయా అంశాలు ఎంచుకున్నవారికి.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాల్లో కాలాభావం ఒకటి. పరిశోధనకు నాలుగైదేళ్ల గడువు, ఉపాధి చింత, వేతనం ఆగిపోయే భయం. ఇవి నిజమైనవే, మొదటి తరం విద్యార్థులు ఎక్కువగా వచ్చే ఈ ప్రాంతంలో మరీ నిజం. కాని ఇంగ్లీషులో సమాచార సేకరణ పేరుతో గడిచే మొదటి ఏడాదిలో రోజుకు గంట కేటాయిస్తే లిపి, ప్రాథమిక వ్యాకరణం పూర్తవుతాయి. హైదరాబాదులో 1958లో ఇంగ్లీషు కోసం మొదలై తరవాత విదేశీ భాషలకు విస్తరించిన ఇఫ్లూ ఉంది. 1998 నుంచి మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయ పరిధిలోని ఈ మూడు పట్టణాల కళాశాలలకు అవి దూరమే, కాని అందనంత దూరం కాదు. కోదాడలోనైనా మిర్యాలగూడలోనైనా ఉర్దూ చెప్పగలిగిన మౌల్వీగారో విశ్రాంత ఉపాధ్యాయుడో పక్క వీధిలోనే ఉంటారు. గిడుగుకు ఆపాటి సదుపాయం కూడా లేదు.

రెండవ అభ్యంతరం కొత్తది. యంత్రానువాదం వచ్చాక భాష నేర్చే శ్రమ ఎందుకని. అచ్చు పుస్తకాల విషయంలో ఈ మాటకు కొంత బలముంది. వేబర్ పీఠిక సారాంశాన్ని యంత్రం ఇవ్వగలదు. అయినా ఏ వాక్యం దగ్గర దాన్ని నమ్మకూడదో తెలుసుకోవడానికి ఆ భాష కొంత రావాలి. పాఠాంతర చర్చల్లో ఒక్క సంక్షిప్తాక్షరం తప్పితే గాథ ఒక పాఠం నుంచి మరొక పాఠానికి మారిపోతుంది. ఇక చేతిరాత పత్రాల సంగతి వేరు. పూర్వపు కచేరీల్లో వాడుకలో ఉన్న షికస్తా రాతలో చుక్కలు వదిలేస్తారు, అక్షరాలు ఒకదానిలోకి ఒకటి విరిచి కలిపేస్తారు. అలవాటు పడ్డ కన్నుకే అది సందర్భాన్ని బట్టి లొంగుతుంది. ఊరి పేరు, ఇంటి పేరు, చెరువు పేరు తెలుగువి. వాటిని రాసిన లిపి తెలుగుది కాదు. 'పిల్లలమర్రి' అన్న మాట ఆ లిపిలో ఎన్ని రకాలుగా చదవడానికి వీలుందో ఊహించి, వాటిలో ఊరేదో పోల్చుకోగలిగేది ఆ ఊరు తెలిసినవాడే. ఆ పత్రాలు చదవడానికి హైదరాబాదు నుంచి వచ్చే ఉర్దూ పండితునికి ఆ ఊరు తెలియదు. సూర్యాపేట విద్యార్థికి ఊరు తెలుసు, లిపి తెలియదు.